కాంతి సంవత్సరాన్ని లక్షల కోట్లలోకి దించేటప్పుడు

ఆండ్రోమెడా గెలాక్సీ మనకు 2.5 మిలియన్ కాంతి సంవత్సరాల (కాంతి ఏడాదిలో వెళ్లే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలో ఉంది. ఇదే ముక్క తెలుగులోకి వచ్చేసరికి ఒకచోట 2.5 కోట్ల కాంతి సంవత్సరాలు అవుతుంది, ఇంకోచోట 2.5 లక్షలు అవుతుంది. సరైనది 25 లక్షలు. మొదటిది పదింతలు ఎక్కువ, రెండోది పదింతలు తక్కువ. ఖగోళ దూరాలు అనగానే పార్సెక్, పారలాక్స్ లాంటి మాటలు చూసి జనం జంకుతారు గానీ, తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఈ మిలియన్ మెట్టు మీదే.

మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ట్రిలియన్ దగ్గర మనకు పని తక్కువ, అంకె అసలు మారదు: 9.46 ట్రిలియన్ కిలోమీటర్లంటే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. బిలియన్ అయితే అంకెను వందతో గుణించి కోట్లు అనాలి, మిలియన్ అయితే పదితో గుణించి లక్షలు అనాలి. విశ్వం వయసు 13.8 బిలియన్ ఏళ్లు, అంటే 1,380 కోట్ల ఏళ్లు. బడ్జెట్ వార్తలు చదివేవాళ్లకు లక్ష కోట్లు కొత్త కాదు కాబట్టి ‘ట్రిలియన్’ను అలాగే వదిలేయడం కన్నా మార్చి రాయడమే మేలు.

కామాలతో ఇంకో చిక్కు ఉంది. సూర్యుడి సగటు దూరం విదేశీ పట్టికల్లో 149,597,870.7 కిలోమీటర్లు అని ఉంటుంది, మన పద్ధతిలో 14,95,97,870.7. రెండూ ఒకటే. కానీ మన పద్ధతిలో కామాలు పెట్టిన అంకెను కాపీ చేసి స్ప్రెడ్‌షీట్‌లో అతికిస్తే, దాని సెట్టింగులను బట్టి అది అంకె కాకుండా అక్షరాల వరసగా మిగిలిపోవచ్చు. జర్మన్, ఫ్రెంచ్ పేజీల్లో 4,25 అంటే నాలుగు పాయింట్ రెండు అయిదు. అందుకే లెక్కలోకి తీసుకునే ముందు కామాలన్నీ తీసేసి, చివర్లో చదవడానికి మాత్రమే తిరిగి పెట్టుకోవాలి.

ఇక అసలు సంఖ్యలు. దగ్గర ఉంచుకోవాల్సినవి మూడే. ఈ మూడూ కొలిచినవి కావు, ఒప్పందంతో స్థిరపరిచినవి, కాబట్టి వీటిలో దోషం సున్నా. ఒకటి, కాంతి వేగం: సెకనుకు 29,97,92,458 మీటర్లు. 1983 నుంచి మీటరు నిర్వచనమే దీని మీద నిలబడింది. రెండు, ఖగోళ ప్రమాణం, అంటే సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం. దీన్నే వాడుకలో ఏయూ అంటాం. 2012లో బీజింగ్‌లో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశం దీన్ని 1,49,59,78,70,700 మీటర్లని ఖాయం చేసింది. అంతకుముందు ఏయూ కూడా కొలవాల్సిన సంఖ్యే. పాత పుస్తకాల్లో చివరి అంకెలు 700కు బదులు 691 అని కనిపిస్తే కంగారు పడకండి, తేడా తొమ్మిది మీటర్లు. మూడు, సంవత్సరం. కాంతి సంవత్సరంలోని సంవత్సరం 365.25 రోజుల జూలియన్ సంవత్సరం, అంటే 3,15,57,600 సెకన్లు.

మొదటిదాన్ని మూడోదానితో గుణిస్తే కాంతి సంవత్సరం వస్తుంది: 9,46,073 కోట్ల కిలోమీటర్లకు కాస్త పైన. నోటికి 9.46 లక్షల కోట్లు. ఇక్కడ కొందరు 365 రోజులే తీసుకుంటారు. అలా చేస్తే 9.454 వస్తుంది, తప్పు 0.07 శాతం. బడి లెక్కకు ఇబ్బంది లేదు గానీ, సైట్ల మధ్య మూడో దశాంశంలో కనిపించే తేడాలు కొన్ని ఇలాగే పుడతాయి.

పార్సెక్ విషయం వేరు. ఇది కాంతి సంవత్సరం కన్నా పెద్ద కొలత మాత్రమే కాదు, ఖగోళ శాస్త్రజ్ఞులు నిజంగా కొలిచేదానికి దగ్గరగా ఉండే కొలత. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రాల నేపథ్యంలో అటూ ఇటూ కొద్దిగా జరిగినట్టు కనిపిస్తుంది. ఆ కదలికలో సగాన్ని పారలాక్స్ అంటారు. పారలాక్స్ ఒక ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు ఉంటే దూరం ఒక పార్సెక్. అందుకే సూత్రం ఇంత చిన్నది: ఒకటిని పారలాక్స్‌తో భాగించడమే. ఒక రేడియన్‌లో 2,06,265 ఆర్క్‌సెకన్లు ఉంటాయి గనుక ఒక పార్సెక్ అంతే సంఖ్యలో ఏయూలకు సమానం. సరిగ్గా చెప్పాలంటే 6,48,000ను పై (π)తో భాగిస్తే వచ్చేది, 2,06,264.806. కాంతి సంవత్సరాల్లో 3.26156, కిలోమీటర్లలో 30.857 లక్షల కోట్లు.

‘కదలికలో సగం’ అన్న మాట దగ్గర ఆగాలి. ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఫొటోల మధ్య నక్షత్రం ఎంత జరిగిందో కొలిచి, ఆ మొత్తాన్నీ సూత్రంలో పెట్టేస్తే దూరం సగానికి సగం పడిపోతుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో జరిగే మామూలు పొరపాటు ఇది. ఆ ఫొటోల మధ్య భూమి జరిగింది రెండు ఏయూలు, సూత్రం అడిగేది ఒక ఏయూకి ఎదురుగా ఉండే కోణం.

ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే నక్షత్రం సిరియస్. హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన దాని పారలాక్స్ 379.21 మిల్లీ ఆర్క్‌సెకన్లు. మిల్లీలో ఉంది కాబట్టి 1000ని 379.21తో భాగించాలి: 2.6371 పార్సెక్కులు. దాన్ని 3.26156తో గుణిస్తే 8.601 కాంతి సంవత్సరాలు. 9.4607తో గుణిస్తే 81.37 లక్షల కోట్ల కిలోమీటర్లు. సరిచూసుకోవడానికి ఇంకో దారిలో వెళ్లండి: 2.6371ని 30.857తో గుణించినా 81.37 రావాలి. రాకపోతే ఎక్కడో సున్నా జారింది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ అంకెల్లో ఎన్నిటిని ఉంచాలి? ఆ పారలాక్స్‌లో అనిశ్చితి 1.58 మిల్లీ ఆర్క్‌సెకన్లు, అంటే 0.42 శాతం. దూరంలోనూ అంతే ఉంటుంది, కాబట్టి 8.60కి అటూ ఇటూ 0.04 కాంతి సంవత్సరం. 8.6 అని రాస్తే చాలు. 81,37,13,00,00,000 కిలోమీటర్లు అని సున్నాలన్నీ పరిచి రాయడం చూడటానికి బాగుంటుంది, కానీ అందులో మూడో అంకె తర్వాతవేవీ ఆ కొలత ఇచ్చినవి కావు, గుణకారం పుట్టించినవి.

ఆర్ద్ర నక్షత్రం దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. దాన్నే బీటెల్‌జ్యూస్ అంటారు. హిప్పార్కస్ తొలి పట్టికలో దాని పారలాక్స్ 7.63, అనిశ్చితి 1.64. 2007లో అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషిస్తే 6.55, అనిశ్చితి 0.83. రెండోదాన్ని తీసుకుంటే 153 పార్సెక్కులు, దాదాపు 500 కాంతి సంవత్సరాలు. కానీ హద్దులు చూడండి: 7.38 అయితే 442 కాంతి సంవత్సరాలు, 5.72 అయితే 570. మధ్య విలువ నుంచి ఒకవైపు 56, ఇంకోవైపు 72. తలకిందులు చేసి భాగించడం వల్ల దోషం దూరం వైపు ఎక్కువ సాగుతుంది. దీన్ని ‘500కి అటూ ఇటూ 63’ అని సర్దేస్తే పొరపాటే. ఆ తర్వాత 2008లో రేడియో పరిశీలనలను కూడా కలిపి 197 పార్సెక్కులు, అనిశ్చితి 45 అని తేల్చారు. ఆ 197ను 3.26156తో గుణిస్తే 642.5. ఇలా పుట్టిన 642.5 కాంతి సంవత్సరాలను చూసి, ఆర్ద్ర దూరం అర కాంతి సంవత్సరం తేడాతో తెలిసిపోయిందని చదివేవాడు అనుకుంటే తప్పు అతనిది కాదు. దాన్ని ‘సుమారు 640, 150 దాకా తేడా ఉండొచ్చు’ అనాలి.

2013 డిసెంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన గయా ఉపగ్రహం పట్టికలు ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు. అందులో కోట్ల నక్షత్రాల పారలాక్స్‌లు ఉన్నాయి, అన్నీ మిల్లీ ఆర్క్‌సెకన్లలోనే. 1000ని ఆ వరసలోని ప్రతి అంకెతోనూ భాగించుకుంటూ పోతే రెండు చోట్ల దెబ్బ తింటారు. కొన్ని పారలాక్స్‌లు మైనస్‌లో ఉంటాయి. అవి చెత్త కాదు, చాలా దూరపు నక్షత్రాలకు దోషం అసలు విలువను మించిపోతే అలా వస్తుంది. కానీ మైనస్ దూరం అంటూ ఏదీ లేదు. అనిశ్చితి పారలాక్స్‌లో అయిదో వంతు దాటితే ఈ సాదా భాగహారాన్ని పక్కన పెట్టి, సంభావ్యతతో లెక్కకట్టిన దూరాల పట్టికలు వాడాలి. రెండో దెబ్బ సున్నా దగ్గరి సవరణ: గయా మూడో విడత పారలాక్స్‌లు సగటున 0.017 మిల్లీ ఆర్క్‌సెకన్లు తక్కువగా ఉన్నాయని క్వాజార్లను (చాలా దూరంలో వెలిగే గెలాక్సీ కేంద్రాలను) చూసి తేల్చారు. పారలాక్స్ 768.07 ఉన్న ప్రాక్సిమా సెంటారీకి ఇది లెక్కలోకే రాదు, దాని 4.2465 కాంతి సంవత్సరాలు అలాగే ఉంటాయి. అదే ఒక మిల్లీ ఆర్క్‌సెకను ఉన్న నక్షత్రానికి 1000 పార్సెక్కులు 983 అవుతాయి, కాంతి సంవత్సరాల్లో 3,262 కాస్తా 3,207కు దిగుతుంది.

సౌర కుటుంబంలోకి వస్తే పార్సెక్‌తో పని లేదు. ఇక్కడ ఏయూ, కిలోమీటరు, కాంతి నిమిషం చాలు. కాంతి నిమిషం 1.8 కోట్ల కిలోమీటర్లు, ఒక ఏయూ 8.317 కాంతి నిమిషాలు. మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరినప్పుడు మన నుంచి సుమారు 22.4 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. 1.8తో భాగిస్తే 12.4 నిమిషాలు. భూమికి సంకేతం అందడానికి పట్టిన సమయం పన్నెండున్నర నిమిషాలు, లెక్క సరిపోయింది. ఇది ఒకవైపు ప్రయాణం. ఆదేశం పంపి జవాబు రావాలంటే రెట్టింపు. వార్తల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి, ఏది చెబుతున్నారో చూసుకోవాలి. శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆదిత్య ఎల్1 ఉన్నది 15 లక్షల కిలోమీటర్ల దూరంలో: 0.01 ఏయూ, అయిదు కాంతి సెకన్లు. సూర్యుడి వైపు వెళ్లింది అనగానే సూర్యుడి దగ్గరికి వెళ్లిందనుకునేవాళ్లకు ఈ 0.01 చూపిస్తే చాలు.

వాయేజర్ 1 వ్యోమనౌక సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో ఏడాదికి దాదాపు 3.6 ఏయూలు పోతుంది. ఒక కాంతి రోజు 173.14 ఏయూలు, ఒక కాంతి సంవత్సరం 63,241 ఏయూలు. అంటే అదే వేగంతో ఒక కాంతి సంవత్సరం దాటడానికి 17,600 ఏళ్లు కావాలి. ఏయూను ఒక మిల్లీమీటరుగా గీస్తే నెప్ట్యూన్ సూర్యుడికి మూడు సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, ప్రాక్సిమా 269 మీటర్ల అవతల పడుతుంది. ఈ కొలతలో పార్సెక్కుకు 206 మీటర్లు. పిల్లలకు చెప్పేటప్పుడు మైదానంలో టేపు పరిచి చూపించొచ్చు.

యోజనాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో ఏటా తిరిగే లెక్క ఒకటుంది: హనుమాన్ చాలీసాలోని ‘జుగ సహస్ర జోజన’ అన్న మాటను పట్టుకుని, యుగాన్ని 12,000 అనుకుని, వెయ్యితోనూ ఎనిమిది మైళ్ల యోజనంతోనూ గుణించి, సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు అని తెప్పిస్తారు. మార్పిడి దృష్టితో చూస్తే ఇందులో లోపం యోజనాన్ని తమకు కావలసినంత పెట్టుకోవడంలో ఉంది. యోజనానికి ఒకే విలువ లేదు. ఆర్యభటీయంలో భూమి వ్యాసం 1,050 యోజనాలు, సూర్య సిద్ధాంతంలో 1,600. అసలు వ్యాసం 12,742 కిలోమీటర్లను వీటితో భాగిస్తే మొదటి దాంట్లో యోజనం 12.1 కిలోమీటర్లు, రెండో దాంట్లో 8 కిలోమీటర్ల కన్నా కొంచెం తక్కువ. అందుకే ఒక గ్రంథంలోని దూరాన్ని మార్చాలంటే అదే గ్రంథంలోని భూమి కొలతతో పోల్చాలి. సూర్య సిద్ధాంతం చంద్రకక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలంటుంది. రెండు పైలతో భాగిస్తే వ్యాసార్ధం 51,566, భూమి వ్యాసార్ధమైన 800తో భాగిస్తే 64.5, దాన్ని 6,371తో గుణిస్తే 4.1 లక్షల కిలోమీటర్లు. ఇవాళ్టి సగటు 3,84,400. ఏడు శాతం తేడాతో చంద్రుణ్ని పట్టుకున్నారు, ఇది చిన్న విషయం కాదు. సూర్యకక్ష్యకు చెప్పిన 43,31,500 యోజనాలను అలాగే మారిస్తే 55 లక్షల కిలోమీటర్లే వస్తుంది, అసలు దూరంలో 27వ వంతు. కారణం కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది: 3,24,000ను చంద్రుడి 27.32 రోజులతో భాగించినా, 43,31,500ను సూర్యుడి 365.26 రోజులతో భాగించినా 11,858 దగ్గరే తేలుతుంది. గ్రహాలన్నీ రోజుకు సమాన దూరం నడుస్తాయన్న ఊహతో సూర్యుడి దూరాన్ని కట్టారు, నేరుగా కొలిచి కాదు.

కాగితం, కాలిక్యులేటర్ లేనప్పుడు అడ్డదారులు: పార్సెక్కులను కాంతి సంవత్సరాలు చేయాలంటే మూడింతలు చేసి, మొదటి అంకెలో పావు కలపండి, తప్పు 0.4 శాతం లోపే. వెనక్కి రావాలంటే పదిలో మూడు వంతులు తీసుకుని దానికి రెండు శాతం కలపండి: 100 కాంతి సంవత్సరాలు 30.6 పార్సెక్కులు, అసలు విలువ 30.66.

ఘనపరిమాణం దగ్గర ఈ అడ్డదారులు పనిచేయవు. 3.26ను మూడుసార్లు గుణించుకోవాలి, ఒక ఘన పార్సెక్ 34.7 ఘన కాంతి సంవత్సరాలు. సూర్యుడి చుట్టుపక్కల ఘన పార్సెక్కుకు సుమారు 0.1 నక్షత్రం. కాంతి సంవత్సరాల్లోకి మారిస్తే 0.003. దాన్ని 3.26తో భాగించి 0.03 అని రాస్తే ఆకాశంలో నక్షత్రాలు పదింతలు పెరిగిపోతాయి. కంప్యూటర్‌లో ఇంకో గుంట: మీటర్లలోకి దింపి ఘనం చేస్తే ఒక ఘన పార్సెక్ 2.94 × 10⁴⁹ ఘన మీటర్లు. 32 బిట్ల దశాంశ సంఖ్య పట్టేది 3.4 × 10³⁸ వరకే. అక్కడ ప్రోగ్రామ్ ‘అనంతం’ అని ఇచ్చి ఊరుకుంటుంది. 64 బిట్లు వాడండి, లేదా అసలు పార్సెక్కుల్లోనే లెక్క నడిపి చివర్లో ఒక్కసారే మార్చండి. నేనైతే రెండోదే చేయమంటాను. ఎక్సెల్‌లో మార్పిడి ఫంక్షన్‌కు కాంతి సంవత్సరం, పార్సెక్ తెలుసు, ఏయూ తెలియదు, అది మీరే ఒక గడిలో పెట్టుకోవాలి. పైథాన్‌లో ఆస్ట్రోపై లైబ్రరీ ప్రతి అంకెకూ దాని ప్రమాణాన్ని తగిలించి ఉంచుతుంది కాబట్టి కిలోమీటర్లకు పార్సెక్కులు కలిపినా సరిగ్గా కలుపుతుంది, దూరానికి కాలం కలపబోతే ఒప్పుకోదు.

నక్షత్రం అడ్డంగా ఎంత వేగంతో పోతోందో చెప్పే సూత్రంలో 4.74 అనే సంఖ్య ఒకటి ఎక్కడిదో తెలియకుండా తిరుగుతుంటుంది. అదీ ప్రమాణాల మార్పిడే: ఏడాదికి ఒక ఏయూ అంటే సెకనుకు 4.74 కిలోమీటర్లు. బార్నార్డ్ నక్షత్రం ఏటా 10.39 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది, దూరం 1.828 పార్సెక్కులు. మూడూ గుణిస్తే సెకనుకు 90 కిలోమీటర్లు. ఇక్కడ దూరాన్ని కాంతి సంవత్సరాల్లో పెడితే 294 వస్తుంది, ఆ సంఖ్య నమ్మేలా కూడా ఉంటుంది. అదే దీనిలోని ప్రమాదం.

ఇక గెలాక్సీలు దాటి వెళ్తే కాంతి సంవత్సరమే పక్కదారి పట్టిస్తుంది. 1,380 కోట్ల ఏళ్ల విశ్వంలో మనం చూడగలిగిన అంచు 1,380 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలనిపిస్తుంది. కానీ కాంతి నడుస్తున్నంతసేపూ అంతరిక్షం సాగుతూనే ఉంది కాబట్టి ఆ అంచు ఇప్పుడు సుమారు 4,650 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే 14.3 గిగాపార్సెక్కులు (గిగా అంటే వంద కోట్లు). కాబట్టి ‘1,300 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు గెలాక్సీ’ అని ఎక్కడైనా చూస్తే, అది దూరమా, కాంతి ప్రయాణ కాలమా అని అడగండి. కాలమే అయితే దాన్ని 3.26తో భాగించి పార్సెక్కులు చేయకూడదు.

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం వింతగా కనిపించేదీ దాని ప్రమాణాల వల్లే. సెకనుకు ఇన్ని కిలోమీటర్లు, ఒక మెగాపార్సెక్కుకు (పది లక్షల పార్సెక్కులకు). పైన కిలోమీటర్లు, కింద మెగాపార్సెక్కులు, రెండూ దూరాలే. మెగాపార్సెక్‌ను కిలోమీటర్లు చేసి కొట్టేస్తే మిగిలేది సెకన్లే, అవీ హారంలో; తలకిందులు చేస్తే కాలం వస్తుంది. ఒక మెగాపార్సెక్ 3.0857 × 10¹⁹ కిలోమీటర్లు. స్థిరాంకం 70 అనుకుని దాన్ని 70తో భాగిస్తే 4.41 × 10¹⁷ సెకన్లు, సంవత్సరాల్లో దాదాపు 1,400 కోట్లు. ప్రతిసారీ ఇదంతా చేయనక్కర్లేదు: 97,780ని స్థిరాంకంతో భాగిస్తే కోట్ల ఏళ్లలో జవాబు వస్తుంది. 67.4కి 1,451 కోట్లు, 73కి 1,339 కోట్లు. ఈ వచ్చినది నేరుగా విశ్వం వయసు కాదు, విస్తరణ ఎప్పుడూ ఒకే వేగంతో జరిగి ఉంటే వచ్చే వయసు. అసలు వయసుకు చేరాలంటే పదార్థం, చీకటి శక్తి పాళ్లు తెలియాలి. అక్కడితో ప్రమాణాల మార్పిడి పని అయిపోతుంది.